యాభై ఎంఎం మీద పడ్డ నింద: బరువైన లెన్సు, లేచిన మౌంటు

మాస్టారు నా కెమెరా రిపేరు కొట్లోకి వస్తూనే సంచిలోంచి 50 ఎంఎం లెన్సు తీసి బల్ల మీద పెట్టారు. "దీని పని అయిపోయిందోయ్. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు సగం పాడుచేసింది. బాగు చెయ్యి, లేదా ఎవరికైనా అంటగట్టు" అన్నారు.

ఆయనది పాత ఖాతా. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. చలికాలం వస్తే ఇంటిపట్టున ఉండరు. తెల్లారకముందే బెజవాడలో బండి ఎక్కి పామర్రు, గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు చేరి, ఆటపాక గట్టు మీద పెలికాన్ల కోసం కాపు కాస్తారు. ఆ పిట్టల కోసమే నాలుగేళ్ల కిందట 150-600 లెన్సు కొన్నారు. బరువు రెండు కేజీల చిల్లర. బాడీ మధ్యతరగతి డీఎస్ఎల్ఆర్, క్రాప్ సెన్సరు (పాత ఫిల్ము సైజు కన్నా చిన్నది), ఆరేళ్ల వయసు. బ్యాటరీతో కలిపి ముప్పావు కేజీ ఉంటుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఈ కేసులో తప్పు కంపెనీది కాదు, ఏ కంపెనీ కెమెరాకైనా ఇదే జరుగుతుంది.

ముందు ఫొటోలు చూపించమన్నాను. లాప్‌టాప్‌లో తెరిచారు. అడ్డంగా తీసిన గ్రూపు ఫొటోలు శుభ్రంగా ఉన్నాయి. ముందు వరసలో కుర్చీల్లో పెద్దవాళ్లు, వెనక నిలబడ్డ కుర్రకారు, అందరి మొహాలూ షార్ప్‌గా ఉన్నాయి. ఎఫ్/1.8లో, అంటే ఎపర్చరు (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) బాగా తెరిచి ఉన్నప్పుడు, అంత లోతు రావడమే నాకు వింతగా అనిపించింది. తేడా అంతా నిలువు ఫొటోల్లో ఉంది. అమ్మాయి, పక్కన వాళ్లమ్మ. అమ్మాయి కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. ఎడమ పక్కనున్న తల్లి మొహం మాత్రం మసక. ఆవిడ భుజం వెనక వేలాడుతున్న బంతిపూల దండ మళ్లీ షార్ప్. ఇంకో పది నిలువు ఫొటోలు తిప్పాను. అన్నిట్లోనూ ఎడమవైపు ఫోకస్ మనిషిని దాటి వెనక్కి పోయింది.

"మాస్టారూ, నిలువుగా తీసేటప్పుడు కుడిచెయ్యి ఎప్పుడూ పైకేనా?" అని అడిగాను. "ఎప్పుడూ అంతే" అన్నారు. అంటే ప్రతి నిలువు ఫొటోలోనూ కెమెరా నెత్తి ఎడమవైపుకి వస్తోంది. కెమెరా నెత్తి ఎటుంటే అటు ఫోకస్ దూరంగా జరుగుతోంది. అలా జరగాలంటే లెన్సు ముక్కు కిందికి వాలి ఉండాలి. అడ్డం గ్రూపు ఫొటోలు అంత బాగా రావడం కూడా దీనివల్లే. లెన్సు కిందికి వాలినప్పుడు ఫోకస్ తలం పైకి పోయేకొద్దీ వెనక్కి వాలుతుంది. ముందు వరస కింద, దగ్గరగా ఉంది. వెనక వరస పైన, దూరంగా ఉంది. రెండు వరసలూ ఆ వాలు తలం మీదే పడ్డాయి. పాత వ్యూ కెమెరాల వాళ్లు కావాలని లెన్సు వంచి సాధించే ఫలితం మాస్టారికి జబ్బు రూపంలో ఉచితంగా దొరికింది.

50 ఎంఎంని నా బల్ల మీదున్న ఇంకో బాడీకి తగిలించి చూశాను. నాలుగు మూలలూ సమానంగా ఉన్నాయి. ఐదు నిమిషాల్లో దాని మీద నింద తొలగిపోయింది. తర్వాత కెమెరా ఇవ్వమన్నాను. "కెమెరాకేం? మొన్న ఆదివారం కూడా దాంతోనే తీశాను, పెలికాన్ రెక్క మీద ఈకలు విడివిడిగా వచ్చాయి" అన్నారు. మరి కాస్త కదిపితే ఇంకోమాట బయటపడింది. ఈమధ్య పెద్ద లెన్సు అప్పుడప్పుడు ఎర్రర్ చూపిస్తోందట. లెన్సు తీసి, కాంటాక్టుల్ని రబ్బరుతో రుద్ది పెడితే పోతోందట. రబ్బరుతో రుద్దకండని ఎంతమందికి చెప్పినా వినరు, అది వేరే సంగతి. నిజానికి ఎర్రర్ పోవడానికి కారణం రుద్దడం కాదు, తీసి మళ్లీ పెట్టడం.

ప్లే (ఊగుడు) ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ ఉండకూడదు

లెన్సు "లూజుగా ఉంది" అని తెచ్చేవాళ్లలో సగానికి పైగా కెమెరాలకి ఏ జబ్బూ ఉండదు. లెన్సు బాడీకి తగులుకునే చోటే మౌంటు. తిప్పి బిగించే బయొనెట్ మౌంటులో లెన్సుకి మామూలుగా మూడు రెక్కలుంటాయి. బాడీ మీదున్న ఉక్కు ప్లేటు వెనక్కి ఆ రెక్కలు దూరి తిరుగుతాయి. ప్లేటు వెనకున్న పలచటి ఆకు స్ప్రింగులు రెక్కల్ని లోపలికి లాగిపట్టి లెన్సుని ప్లేటు మొహానికి అదిమి ఉంచుతాయి. ఒక చిన్న పిన్ను లేచి లెన్సు గాడిలో పడి, తిరగకుండా ఆపుతుంది. ఆ పిన్నుకీ గాడికీ మధ్య కొంచెం సందు ఉండాల్సిందే, లేకపోతే లెన్సు ఎక్కదు. అందుకని లెన్సుని గడియారం ముల్లులా అటూ ఇటూ తిప్పితే పిసరంత కదులుతుంది. అది రోగం కాదు.

లెన్సు ముందు కొసని పట్టుకుని పైకీ కిందికీ ఊపినప్పుడు మౌంటు దగ్గర సందు తెరుచుకుని మూసుకుంటే, దాన్ని పట్టించుకోవాలి. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. స్ప్రింగు బలాన్ని మించి లాగితే కొత్త కెమెరాలో కూడా లెన్సు పిసరంత లేస్తుంది, వదిలేస్తే టక్కున కూర్చుంటుంది. అలా కూర్చుంటే స్ప్రింగులు పనిచేస్తున్నట్టు. కూర్చోకపోతేనో, లెన్సుతో పాటు ప్లేటు కూడా కదిలితేనో, బాడీ తెరవాల్సిందే.

మాస్టారి కెమెరాకి పెద్ద లెన్సు తగిలించి ఊపాను. ప్లేటు కదిలింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాను. లెన్సుకీ ప్లేటుకీ మధ్య సందు లేదు. ప్లేటుకీ బాడీకీ మధ్య, పన్నెండు గంటల చోట, నల్లటి గీత వెడల్పవుతోంది, సన్నబడుతోంది. బైకు మెకానిక్కులు టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ (రకరకాల మందాల రేకుల కట్ట) నా సొరుగులో ఒకటుంటుంది. ఏ లెన్సూ లేకుండా ఉన్న కెమెరాలో ఆ సందులోకి 0.05 మిల్లీమీటర్ల ఆకు దూరకూడదు. 0.25 ఆకు సునాయాసంగా దూరింది. 0.30 ఆకు అంచు దగ్గర ఆగింది.

డయల్ గేజ్ పెట్టి ప్లేటు ఎత్తు నాలుగు చోట్ల కొలిచాను. ఆరు గంటల చోటుని సున్నా అనుకుంటే, మూడు దగ్గర 0.14, తొమ్మిది దగ్గర 0.15, పన్నెండు దగ్గర 0.29 మిల్లీమీటర్లు ఎక్కువ. పక్కల రెండూ పైదాంట్లో సగం ఉన్నాయి కాబట్టి ప్లేటు మెలిక తిరగలేదు, కింది అంచు తలుపు బందులా నిలబడి, మొత్తం తలం పైనుంచి ముందుకి వాలింది.

ఇంత చిన్న వాలు పెలికాన్ల ఫొటోల్లో ఎందుకు కనబడలేదని మాస్టారు అడిగారు. సైన్సు మాస్టారు కదా, కాగితం తీసుకుని లెక్క చేసి చూపించాను. ప్లేటు కొలత పైనుంచి కిందికి దాదాపు 58 మిల్లీమీటర్లు. అంత పొడవులో 0.29 లేస్తే వాలు డిగ్రీలో మూడో వంతు కూడా లేదు. సెన్సరు మీద పది మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మొహాల మధ్య ఆ వాలు వల్ల ఫోకస్‌లో వచ్చే తేడా 0.05 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎపర్చరు చూడండి. క్రాప్ సెన్సరుకి చుక్క మసక 0.02 మిల్లీమీటర్ల దాకా కంటికి ఆనదు అనుకుంటే, ఎఫ్/6.3లో ఫోకస్ ముందుకో వెనక్కో 0.126 మిల్లీమీటర్లు తప్పినా తెలియదు. ఎఫ్/1.8లో ఆ సహనం 0.036కి పడిపోతుంది. 0.05 తేడా అందులో పట్టదు. పైగా పిట్ట ఎప్పుడూ ఫ్రేము మధ్యలో ఒక్కటే ఉంటుంది. పక్కన వాళ్లమ్మ నిలబడదు.

ఈ కేసు రాయాలనిపించింది దీనికోసమే. మౌంటుని పాడుచేసేది పెద్ద లెన్సు. ఆ పాడు బయటపడేది చిన్న లెన్సులో. నిందపడేది కూడా చిన్న లెన్సు మీదే. 35 ఎఫ్/1.4, 85 ఎఫ్/1.8 లాంటివి "ఒక పక్క మసక" అని నా దగ్గరికి వస్తే, మీ దగ్గర 70-200 గానీ 150-600 గానీ ఉందా అని ముందు అడుగుతాను.

తెరిచాక

జాబ్ కార్డు మీద "మౌంటు ప్లేటు వంగింది, మార్చాలి" అని రాసేశాను. ఆ సాయంత్రమే ప్లేటుకి ఆర్డరు కూడా పెట్టాను. రెండూ తప్పే.

మౌంటు స్క్రూలు విప్పడంలో ఒక జాగ్రత్త. జపాన్ కెమెరాల్లో ఉండేవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూలు, చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూలాగే ఉంటాయి. కొన్నిటి తల మీద చిన్న చుక్క కూడా ఉంటుంది. మామూలు స్టార్ డ్రైవరు కొన వాటి గాడిలో అడుగుదాకా దిగదు, జారి గాడిని నమిలేస్తుంది. తల పోయిన స్క్రూతో కొట్టుకి వచ్చే కెమెరాలు చాలావరకు ఇంటి వైద్యానికి బలైనవే.

కింది స్క్రూలు గట్టిగా, కిర్రుమంటూ వచ్చాయి. పైన రెండూ డ్రైవరు ఆనించగానే తిరిగాయి. మూడు చుట్లు తిప్పాక పైకి లేవడం మానేసి అక్కడే తిరుగుతున్నాయి. పట్టకారుతో పైకి లాగితే వచ్చేశాయి. లూపులో (భూతద్దంలో) చూస్తే స్క్రూ చుట్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఆ చుట్ల మధ్య నల్లటి పొట్టు, గానుగాడిన నువ్వుల చెక్కలా పేరుకుని ఉంది. అది ప్లాస్టిక్కు.

ప్లేటు తీసి అద్దం ముక్క మీద బోర్లా పెట్టాను. ఎక్కడా ఊగలేదు. 0.05 ఆకు ఏ పక్కా దూరలేదు. ఉక్కు ప్లేటుకి ఏమీ కాలేదు. దాన్ని పట్టుకున్న నల్ల ప్లాస్టిక్కు గొట్టాల్లో చుట్లు ఊడిపోయాయి. మెటల్ మౌంటు అనే మాట చూసి మనం బాడీ గట్టిదనుకుంటాం. ఆ మెటలుని పట్టుకున్నది ఏమిటో బ్రోషరులో రాయరు. ఖరీదైన బాడీల్లో అది మెగ్నీషియం మిశ్రమం. మధ్యతరగతి, కిందితరగతి బాడీల్లో చాలాచోట్ల గాజు పోగో కార్బన్ పోగో కలిపిన ప్లాస్టిక్కు. అది నాసిరకం అని నేను అనను. నేరుగా నేలకి తగిలితే కొన్నిసార్లు మెగ్నీషియం కన్నా బాగా తట్టుకుంటుంది. కానీ సన్నటి స్క్రూని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లాగుతుంటే దాని చుట్లు ఎండలో మెత్తబడి సాగుతాయి. బెజవాడ మే నెల ఎండలో బండి మీద నల్లసంచి ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు.

ఆకు స్ప్రింగుల్లో ఒకటి చదును పడిపోయింది. లెన్సు వైపు చూస్తే, పై రెక్క మీద క్రోమియం పూత అరిగి పసుపు మెరుపు కనబడుతోంది. లెన్సు మౌంట్లు ఎక్కువగా ఇత్తడి మీద క్రోమియం పూసినవి, బాడీ ప్లేట్లు ఉక్కు. రెండూ ఒరుసుకుంటే ముందు అరిగేది ఇత్తడి. లెన్సు రెక్క మీద పసుపు కనబడ్డంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, తరచూ తీసిపెట్టే ప్రతి లెన్సుకీ వస్తుంది. ఒక్క రెక్క మీదే, అదీ ప్లేటుకి ఆనే మొహం మీద వస్తే మాత్రం లెన్సు ఎటు వేలాడుతోందో అది చెప్పేస్తుంది. లెన్సు మౌంటు స్క్రూల్లో కూడా రెండు సడలి ఉన్నాయి. అవి ప్లాస్టిక్కులోకే దిగినా చుట్లు పోలేదు, బిగించాను.

సంచి చెప్పిన సాక్ష్యం

కెమెరా ఎప్పుడైనా కింద పడిందా అంటే లేదన్నారు. ఈ ప్రశ్నకి అందరూ లేదనే అంటారు, కానీ ఈసారి నమ్మాను. కింద పడితే దెబ్బ ఒక్క పక్కకే ఉండి, ప్లాస్టిక్కు పగులుతుంది. ఇక్కడ పగుళ్లు లేవు, అరుగుదలే ఉంది.

"ఫుట్ ఏదండీ?" అన్నాను. పెద్ద లెన్సుతో పాటు వచ్చే ట్రైపాడ్ కాలరు, దాని కాలు. సంచిలో అడ్డమొస్తోందని కొన్న నెలకే విప్పి బీరువాలో పెట్టేశారట. అప్పటినుంచి ట్రైపాడ్ మీద పెట్టినా బాడీ కింద స్క్రూకే పెడుతున్నారు. లెన్సు గాల్లో వేలాడుతోంది.

సంచి కూడా తెప్పించాను. బండి మీద ట్యాంకుకీ సీటుకీ మధ్య అడ్డంగా పెట్టుకునే భుజం సంచి. లోపల ఫోము గదులు చక్కగా కత్తిరించారు, కానీ బాడీ చుట్టూనే. బాడీ ఆ గదిలో గట్టిగా ఇరుక్కుని ఉంటుంది. లెన్సు అడ్డంగా చాచుకుని, కింద ఏ ఆధారమూ లేకుండా ఉంటుంది. లెన్సు ముందుండే హుడ్ అంచు తగిలేచోట సంచి లోపలి గుడ్డ అరచెయ్యంత మేర నునుపెక్కి మెరుస్తోంది. నాలుగేళ్లుగా ప్రతి గుంతకీ లెన్సు ముక్కు అక్కడ కొట్టుకుంది. కృష్ణా డెల్టా రోడ్లు నల్లరేగడి మీద వేసినవి. వానకి ఉబ్బి, ఎండకి కుంగి, అలలు తేలి ఉంటాయి. వాటి మీద బండి నడిపినవాళ్లకి నడుమే చెబుతుంది.

మాస్టారికి కాగితం మీద రెండో లెక్క రాశాను. రెండు కేజీల లెన్సు, మౌంటు నుంచి దాని బరువు కేంద్రం సుమారు 11 సెంటీమీటర్లు. బాడీని పట్టుకుని లెన్సుని వదిలేస్తే మౌంటు మీద పడే తిప్పుడు 22 కేజీ-సెంటీమీటర్లు. ఇప్పుడు తిరగేయండి. లెన్సు ఫుట్ పట్టుకుని బాడీని వదిలేస్తే? ముప్పావు కేజీ, కేంద్రం నాలుగు సెంటీమీటర్లు. మూడు కేజీ-సెంటీమీటర్లు. కెమెరా అదే, లెన్సు అదే. ఎక్కడ పట్టుకున్నాం అన్నదాన్నిబట్టి మౌంటు మోసేది ఏడింతలు మారిపోతుంది.

ఆ 22 కూడా మౌంటుని ఇరిచేసేంత పెద్ద సంఖ్యేం కాదు. ప్లేటు కింది అంచు మీద తిరగబడుతుందనుకుంటే పై స్క్రూలు అక్కడికి ఐదున్నర సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. రెండింటి మీదా కలిపి నాలుగు కేజీల లాగుడు, తలా రెండు. మంచి స్థితిలో ఉన్న స్క్రూకి అది పెద్ద బరువు కాదు. అందుకే, "ఇంత బరువు లెన్సు నా కెమెరా మోస్తుందా?" అని అడిగేవాళ్లకి, నిలకడగా ఉంటే మోస్తుంది అనే చెబుతాను. గుంతలో పడ్డప్పుడు కుదుపు ఐదింతలైతే ఆ రెండు కేజీలు పదవుతాయి. ఒక్క ప్రయాణంలో అలాంటివి వందలు. నాలుగు చలికాలాలు.

మూడు దారులు

మొదటిది, పై స్క్రూల చోట కాస్త పొడుగు స్క్రూలు వెయ్యడం. పాత చుట్ల కింద వాడని ప్లాస్టిక్కు మిగిలి ఉంటే పట్టు దొరుకుతుంది. చవక, గంట పని. ఈ బాడీలో గొట్టం అడుగు కొలిస్తే మిగిలింది మిల్లీమీటరు కూడా లేదు. బలవంతంగా దించితే స్క్రూ కొన అడుగు చీల్చుకుని వెనకున్న రిబ్బన్ కేబులు మీద పడుతుంది. వద్దనుకున్నాను.

రెండోది, చుట్లు పోయిన రంధ్రాన్ని ఎపాక్సీతో నింపి కొత్తగా చుట్లు కొయ్యడం. ఇది నేను పదేళ్ల కిందట ఇంకో కెమెరాకి చేశాను. రెండు నెలలు నిలిచింది. దానికన్నా ముందు ఇంకా పెద్ద తప్పు చేశాను. సడలిన స్క్రూలకి థ్రెడ్ లాకర్ (స్క్రూ సడలకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించి పంపడం ఒక అలవాటుగా పెట్టుకున్నాను. లోహంలోకి దిగే స్క్రూకి అది సరైన మందు. పాలికార్బనేట్‌కి అది విషం. కొన్నాళ్లకి ఒక కెమెరాలో గొట్టం చుట్టూ సన్నటి పగుళ్లు పుట్టాయి. ఆ కెమెరా మూడోసారి వచ్చాక లాకర్ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను. ప్లాస్టిక్కుల మీద వాడొద్దని ఉంది. అప్పట్నుంచి మాగ్నెట్టు పెట్టి చూసినంత జాగ్రత్తగా, స్క్రూ దేంట్లోకి దిగుతోందో చూశాకే డబ్బా తెరుస్తాను.

మూడోది, ముందు భాగం మొత్తం మార్చడం. కొత్తది తెప్పించి కంపెనీ సర్వీసులో చేయిస్తే బాడీ పాత ధరలో సగం దాకా పోతుంది. నా అటక మీద అదే మోడల్ స్క్రాపు ఒకటుంది. వరదనీళ్లలో మునిగి బోర్డు చచ్చిపోయింది, కానీ ముందు భాగం, మిర్రర్ బాక్సు నిక్షేపంగా ఉన్నాయి. "నీ స్క్రాపులోంచే వెయ్యి. ఊడితే నిన్నేం అననులే" అన్నారు మాస్టారు. ఎలాగూ అంటారని తెలిసే ఒప్పుకున్నాను.

రెండు రోజుల పని. విప్పడం కన్నా మళ్లీ కూర్చోబెట్టడం కష్టం. ప్లేటు కింద కాగితం కన్నా సన్నటి షిమ్ములు (ఎత్తు సరిచేసే రేకు ముక్కలు) ఉంటాయి. ఏ స్క్రూ దగ్గరున్న షిమ్ము ఆ స్క్రూకే పోవాలి. మా కుర్రాడు ఒకసారి నాలుగూ తుడిచి ఒక మూతలో పోశాడు, ఆ పూటంతా కొలతలతోనే పోయింది. ఈసారి కాగితం మీద గడియారం బొమ్మ గీసి, ఏ గంట దగ్గరిది ఆ గంట మీద టేపుతో అతికించాను. స్క్రాపు బాడీ షిమ్ములు వేరు, ఈ సెన్సరు వేరు కాబట్టి ఎత్తు మళ్లీ సరిచూడాల్సి వచ్చింది. నాలుగు చోట్లా తేడా 0.02 లోపలికి వచ్చేదాకా నాలుగు సార్లు విప్పి బిగించాను. చదును పడ్డ స్ప్రింగు మార్చాను. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోతే ప్లేటు ఆ పక్కకే కూర్చుంటుంది.

పరీక్షకి పెద్ద సరంజామా అక్కర్లేదు. గోడకి దినపత్రిక పేజీలు అతికించి, మధ్యలో చిన్న అద్దం బిళ్ల చదునుగా అంటించాను. వ్యూఫైండరు మధ్యలో లెన్సు ప్రతిబింబం కనబడేదాకా కెమెరాని జరిపితే గోడకి సూటిగా ఉన్నట్టు. అదే 50 ఎంఎం, ఎఫ్/1.8, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్. కెమెరాని మామూలుగా ఒకటి, కుడికి తిప్పి ఒకటి, ఎడమకి తిప్పి ఒకటి, తలకిందులుగా ఒకటి. నాలుగు ఫొటోల్లోనూ చిన్న ప్రకటనల అక్షరాలు పై అంచులోనూ కింది అంచులోనూ ఒక్కలా చదవగలిగాను. లైవ్ వ్యూకీ వ్యూఫైండరు ఫోకస్‌కీ కొద్దిగా తేడా వచ్చింది, కెమెరాలోని ఫైన్ ట్యూన్‌తో సరిపోయింది. పెద్ద లెన్సు పెట్టి రెండొందల ఫొటోలు తీశాను. ఎర్రర్ రాలేదు. కాంటాక్టు పిన్నులు మొదటినుంచీ బాగానే ఉన్నాయి, వాటికి అందాల్సిన లెన్సే దూరంగా జరిగింది.

ముందుగా ఆర్డరు పెట్టిన ప్లేటు ఇంకా నా సొరుగులోనే ఉంది.

మిర్రర్‌లెస్ కొంటే తీరుతుందా?

కెమెరా తీసుకోవడానికి వచ్చినప్పుడు మాస్టారు అడిగిన ప్రశ్న ఇదే. వాళ్లబ్బాయి అమెరికాలో ఉంటాడు, మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా, పంపిస్తానంటున్నాడట.

కొత్త మౌంట్లు వెడల్పైనవన్న మాట నిజం. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది, లోపలి వ్యాసం 44 మిల్లీమీటర్లు. 2018లో మిర్రర్‌లెస్ కోసం వచ్చిన జెడ్ మౌంటుది 55. కానన్ 1987లో ఈఎఫ్‌తోనే 54కి వెళ్లింది, తన మిర్రర్‌లెస్ మౌంటు ఆర్ఎఫ్‌లోనూ అంతే. సోనీ 'ఈ' (E) మౌంటు 46 దగ్గర ఉంది. వెడల్పు పెరిగితే స్క్రూల మధ్య దూరం పెరిగి, అదే తిప్పుడికి లాగుడు తగ్గుతుంది. అది లాభమే. కానీ మాస్టారు పాత 150-600ని అడాప్టరుతో వాడతానన్నారు. లెక్క అక్కడ తిరగబడుతుంది. ఎఫ్ మౌంటుకి సెన్సరు నుంచి ప్లేటుకి దూరం 46.5 మిల్లీమీటర్లు, జెడ్‌కి 16. ఆ తేడా 30.5 మిల్లీమీటర్లు అడాప్టరు మందం రూపంలో మధ్యలో చేరుతుంది. ఈఎఫ్ నుంచి ఆర్ఎఫ్‌కైతే 44లోంచి 20 పోగా 24. లెన్సు బరువు కేంద్రం బాడీకి అంత దూరం జరిగిపోతుంది. ఎఫ్ లెన్సుని జెడ్ బాడీ మీద పెడితే మన 22 కేజీ-సెంటీమీటర్లు 28 అవుతాయి. అడాప్టరు సొంత బరువు దీనికి అదనం. పైగా ఒక కీలు ఉన్నచోట రెండు కీళ్లు, రెండింటి ప్లే కలిసి ఊగుతుంది. చవక అడాప్టర్లలో రెక్కల మందం సరిగ్గా లేక స్ప్రింగులు అసలు లాగనివి కూడా నా చేతికి వచ్చాయి.

సినిమా వాళ్లు ఈ గొడవ ఎప్పుడో తేల్చుకున్నారు. హైదరాబాదులో కృష్ణానగర్ వైపు షూటింగులకి కెమెరాలు అద్దెకి పోయేచోట చూడండి. అంజన్యూ ఆప్టిమో 24-290 జూము 11 కేజీలు ఉంటుంది. దాన్ని కెమెరాకి తగిలించే ముందే కింద రాడ్లు, వాటిమీద లెన్సు సపోర్టు వస్తాయి. ఆరి కంపెనీ పీఎల్ మౌంటులో స్ప్రింగులు లేవు. లెన్సు తిరగదు, చుట్టూ ఉన్న రింగు తిరిగి లెన్సుని సీటు మీద బిగించేస్తుంది. అంత గట్టి మౌంటు ఉన్నా, బరువైన జూముని సపోర్టు లేకుండా వదిలేసే అసిస్టెంటుని ఆ సెట్లో రెండో రోజు పిలవరు. స్టిల్ ఫొటోగ్రఫీలో మనం ఆ పనే రోజూ చేస్తున్నాం.

మాస్టారికి నేను చెప్పింది: కొత్తది కొనాలనుకుంటే పిట్టల ఫోకస్ కోసం కొనండి, మౌంటు కోసం వద్దు. బీరువాలోంచి ఫుట్ తీయండి. ట్రైపాడ్ స్క్రూ, మెడ పట్టీ, చెయ్యి, మూడూ దానికే. బండి మీద పోయేటప్పుడు లెన్సు తీసి విడిగా పెట్టండి. పిట్ట ఎగిరిపోతుందని అంత తొందరైతే, కనీసం సంచిలో లెన్సు పొడుగునా ఫోము పరిచి, బాడీని వదులుగా ఉంచండి. ఆయన లెన్సు విడిగా పెట్టడానికి ఒప్పుకోలేదు. ఫోము మాత్రం అక్కడే కూర్చుని నా కత్తితో కోయించుకున్నారు.

పద్నాలుగు నెలల తర్వాత సీజన్ మొదలయ్యే ముందు కెమెరా మళ్లీ తెచ్చారు, శుభ్రం చేయించడానికి. డయల్ గేజ్ పెట్టాను. పన్నెండు గంటల చోట 0.03 ఎక్కువ ఉంది. బిగించినప్పటి హద్దుని పిసరంత దాటింది. కానీ స్క్రూలు కదల్లేదు, ప్లేటు ఊగలేదు. ఆ కొలత కార్డు మీద తేదీతో సహా రాసుకున్నాను, వచ్చే ఏడు మళ్లీ చూస్తాను. ఊగుతున్నది ఒక్కటే కనబడింది. కాలరుని లెన్సుకి బిగించే మరసీల సడలి ఉంది. నాలుగు వేళ్లతో ఒక్క తిప్పు తిప్పి ఇచ్చేశాను.